తొమ్మిది గోల్స్ తర్వాత

దర్జీ ఎవరు ఎదురుపడినా ముందు భుజాలు చూస్తాడు, ఆ తర్వాతే మొహం. తను కోచ్‌గా ఉన్న పన్నెండేళ్ళలోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు మనుషుల్ని ఏరుకున్నదీ తన షాపులోనే. స్కూలు గౌను కొలతలకని వచ్చి, టేపు చుట్టేలోపే మూడుసార్లు చేతుల్లోంచి జారిపోయిన పిల్లను చూసి, "నువ్వు ఆదివారం గ్రౌండుకి రా" అన్నాడు. ఇప్పుడు ఆయన స్ట్రైకర్ ఆ పిల్లే.

మూడేళ్ళుగా ఆ జట్టు ఓడని మ్యాచ్ లేదు. దర్జీ మిషన్ తొక్కుతూ ప్రతి ఓటమికీ కారణం చెప్పేవాడు. ఒకసారి ఎదురుగాలి ఎక్కువ, ఇంకోసారి బంతిలో గాలి తక్కువ. వినలేక ఒకరిద్దరు ప్యాంట్లు వేరేచోట కుట్టించుకోవడం మొదలుపెట్టారు కూడా.

అలాంటి మనిషికి ఒక ఆదివారం పొద్దున అరగంటలో తొమ్మిది గోల్స్ వచ్చిపడితే కాలు నేల మీద నిలుస్తుందా? మొదటి గోల్‌కి చప్పట్లు కొట్టాడు. నాలుగోదానికి ఈల వేశాడు. ఏడోదానికి, యాభై రెండేళ్ళ పెద్దమనిషి, గంతేస్తే చెప్పు ఎగిరి రిఫరీ కాళ్ళ దగ్గర పడింది.

అవతలిది కొత్త జట్టు, ఇదే మొదటి మ్యాచ్. వాళ్ళ కోచ్ బేకరీ నడుపుతాడు. పైగా దర్జీకి స్వయానా తోడల్లుడు.

"కాస్త అటు చూడండి" అంది దర్జీ భార్య, నీళ్ళ సీసాలు సర్దుతూ. "రేపు మా చెల్లెలికి నేనేం మొహం చూపించను?"

విరామంలో తోడల్లుడే వచ్చాడు.

"అన్నయ్యా, గెలవొద్దని అనను. కానీ వీళ్ళు ఏడుస్తూ ఇళ్ళకెళ్తే వచ్చే ఆదివారం నలుగురు కూడా రారు. ఇక జట్టు లేనట్టే. అప్పుడు నువ్వు గోల్‌పోస్టుతో ఆడుకుందువుగాని."

దర్జీకి చురుక్కుమంది. తన పిల్లల్ని దగ్గరికి పిలిచి గట్టిగా చెప్పాడు: "ఇక గోల్ కొట్టొద్దు. మీలో మీరే బంతి ఇచ్చిపుచ్చుకోండి. మర్యాదగా."

చెప్పింది చెప్పినట్టు చేశారు మహాతల్లులు. బంతి వీళ్ళ కాళ్ళ మధ్యే తిరుగుతోంది, అవతలి పిల్లలు దాని వెనక అటూ ఇటూ పరిగెడుతున్నారు. గట్టు మీది జనానికి కొత్త సరదా దొరికింది. "ఇరవై ఆరు, ఇరవై ఏడు" అని పాసులు పైకే లెక్కపెడుతూ నవ్వుతున్నారు. తొమ్మిది గోల్స్‌కీ ఏడవని పిల్లలు ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటున్నారు. దర్జీ మర్యాద కాస్తా తొమ్మిది గోల్స్ కన్నా హీనంగా తయారైంది.

అప్పుడు అవతలి గోల్‌కీపర్, పెద్దవాళ్ళ గ్లవ్స్ తొడుక్కున్న బక్కపిల్ల, ఆట నడుస్తుండగానే గోల్ వదిలేసి నడుచుకుంటూ దర్జీ దగ్గరికి వచ్చింది.

"మావయ్యా, మీవాళ్ళు నావైపు ఎందుకు కొట్టట్లేదు?"

"పాపం, ఇప్పటికే తొమ్మిది పడ్డాయి కదమ్మా."

"పడ్డాయి. నాలుగు ఆపాను కూడా. అది ఎవరూ చూడలేదు. ఐదోది ఆపుదామని నిలబడితే బంతే రాదు. నిలబడి నిలబడి నిద్రొస్తోంది నాకు."

దర్జీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ పిల్ల చెప్పిన నాలుగూ ఆయన చూశాడు. చూసి, గోల్ పోగొట్టారని తన పిల్లల్ని తిట్టుకున్నాడు, అంతే.

"వెళ్ళి నిలబడు, వస్తుంది" అన్నాడు. ఆ పిల్ల గోల్‌లోకి చేరాక తనవాళ్ళకు కేకేశాడు: "చాలించండి మర్యాద. కొట్టండి, సరిగ్గా కొట్టండి."

స్ట్రైకర్ దానికే కాచుకుని ఉన్నట్టు కొట్టింది. బక్కపిల్ల ఎడమవైపు పడిపోయి వేళ్ళ చివరలతో బంతిని బయటికి నెట్టింది. గట్టు మీద అందరికన్నా ముందు ఈల వేసింది ఎవరనుకున్నారు? దర్జీయే. ఆ తర్వాతిదానికీ వేశాడు.

"మావయ్యా, అసలు మీరు ఎవరి కోచ్?" అంది స్ట్రైకర్, నడుం మీద చేతులు పెట్టుకుని.

ఇంకో మూడు పడ్డాయి, ఆరు ఆగాయి. పన్నెండు–సున్నా. మ్యాచ్ అయ్యాక కుళాయి దగ్గర ఓడిన పిల్లలు ఒకటే గోల: ఆపినవి మొత్తం పదా, పదకొండా? పోస్టుకు తగిలింది లెక్కలోకి వస్తుందా, రాదా?

తోడల్లుడు సాక్సులన్నీ సంచిలో కుక్కుకుని వచ్చాడు.

"అన్నయ్యా, వచ్చే ఆదివారం ఎన్నింటికి? మావాళ్ళు అది తేల్చుకోనిదే ఇళ్ళకు కదలమంటున్నారు."

"ఏడింటికి. ఆ కీపర్ని అరగంట ముందే తీసుకురా" అన్నాడు దర్జీ. "మావాళ్ళకి గురి కుదరట్లేదు."