నాలుగొందల పదిహేడో బిళ్ళ

గురమ్మకి గడియారం చూడటం రాదని ఎవరైనా అంటే ఆమె ఊరుకోదు. వచ్చు. అవసరం పడలేదు, అంతే. పొందూరు అవతలి పల్లె నుంచి ఈ మిల్లు కాలనీకి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె పొయ్యి వెలిగించింది సైరను కూతకే. కొడుక్కి పాలు పట్టింది సైరను కూతకే. మొగుడు జగన్నాధం గుండెల నిండా గోగునార దుమ్ము పేరుకుని కన్నుమూసింది కూడా రెండో షిఫ్టు సైరను మోగుతుండగానే. ఆమె బడి చదువు రెండో తరగతితోనే అయిపోయింది. అయినా కాలనీలో ఎవరింటికి ఏ కాగితం వచ్చినా ముందు ఆమె చేతిలో పెడతారు. ఆమె చదువుతుందని కాదు, ఆమెకి చూపించకుండా సంతకం పెడితే తరవాత ఆ నోటికి జవాబు చెప్పుకోలేక.

ఆ సైరను మోగి పద్నాలుగు నెలలు దాటింది. ఒకరోజు పొద్దున్న జూట్ మిల్లు గేటు మీద కాగితం అంటించి, గొలుసు చుట్టి, తాళం వేసి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు జెండాలు, కొన్నాళ్ళు టెంటు, కొన్నాళ్ళు టీవీ వాళ్ళు. తరవాత వాన. వానలకి కాగితం మీది అక్షరాలు కారిపోయాయి.

గురమ్మ కొడుకు ధనరాజు ఆ మిల్లులో బదిలీ. పర్మినెంటు మనిషి రాని రోజున అతని బదులు లూము ముందు నిలబడేవాణ్ణి బదిలీ అంటారు. బదిలీకి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఇస్తారు. తెల్లారి సైరనుకి ముందే వచ్చి, గేటు పక్క బోర్డుకి బిళ్ళ తగిలించి నిలబడాలి. పని ఇచ్చినా సరే, పొమ్మన్నా సరే. వరసగా మూడు రోజులు బిళ్ళ కనపడకపోతే నంబరు కొట్టేసి ఇంకొకడికి ఇచ్చేస్తారు. జగన్నాధం పర్మినెంటు కాకముందు పదకొండేళ్ళు తగిలించిన బిళ్ళ నాలుగొందల పదిహేడు. అతను పోయాక కొడుక్కి ఆ నంబరే కావాలని గురమ్మ ఆఫీసు మెట్ల మీద రెండు రోజులు తిండి లేకుండా కూర్చుంది. మూడో రోజు మేనేజరు చెప్పులు విప్పుకోడానికి మెట్ల మీద చోటు లేక ఇచ్చేశాడని కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మిల్లుకి తాళం వేశారు గాని మూడు రోజుల నియమానికి ఎవరూ తాళం వేయలేదు. రద్దు చేశామని ఎవరూ చెప్పనిది ఉన్నట్టే కదా. అందుకే ఈ పద్నాలుగు నెలలూ ధనరాజు రోజూ చీకటితో లేచాడు. తల్లి కట్టిన కేరేజి పట్టుకుని, తండ్రి ఫొటో కింద మేకుకి వేలాడే బిళ్ళ జేబులో వేసుకుని గేటు దగ్గరకి వెళ్ళాడు. మొదట్లో రెండొందల మంది వచ్చేవారు. సంక్రాంతి దాటేసరికి ముప్ఫై మంది. ఎండాకాలానికి ఎందరని తల్లి అడిగితే, "ఉన్నార్లే" అన్నాడు. ఆ తరవాత గేటు కబుర్లు చెప్పడం మానేశాడు.

గురమ్మ తమ్ముడి కొడుకు గిరిబాబు ఒకసారి వచ్చి అడిగాడు. "అత్తా, బావని నాతో పంపించు. భోగాపురం కాడ రోడ్డు పనులు జోరుగా ఉన్నాయి. మనుషులు సాల్డం లేదు."

"మూడ్రోజులు మావోడి బిళ్ళ కనపడకపోతే ఆ నంబరు ఎవుడికిస్తారో తెలుసునా?"

"ఎవుడికి?"

"నీలాంటోడికే ఇస్తారు. అందుకే వొచ్చినావేటి?"

గిరిబాబు టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

శ్రావణం దాటాక గురమ్మకి కొన్ని సంగతులు నచ్చలేదు. మిల్లు వెనక గేటు నుంచి పరదాలు కప్పిన లారీలు పోతున్నాయి. రోడ్డు మీద వాటి చక్రాల జాడ లోతుగా దిగుతోంది, బరువేదో ఎక్కువున్నట్టు. పాత గోనె సంచులేమో అని సరిపెట్టుకుంది. కొడుకు చొక్కాలు ఉతికితే ముంజేతుల మీద, పొట్ట మీద ఆవగింజలంత చిల్లులు కనపడుతున్నాయి. బీడీ నిప్పులు అనుకుంది. బీడీ తాగేవాడు కాడే అని కూడా అనుకుంది. బట్టల్లో ఒక వాసన, కాలిన ఇనుము వాసన, ఎంత సబ్బు పెట్టినా పోవడం లేదు. కోడలు ఈశ్వరిని అడిగితే, "గేటు కాడ తుప్పు అత్తా" అని కళ్ళు తిప్పేసుకుంది.

అలాంటి రోజుల్లో ఉష వచ్చింది. శ్రీకాకుళం అమ్మాయి, మెడలో కార్డు, చేతిలో పలకంత ఫోను. అరుగు మీద కూర్చుని, "అమ్మమ్మా, గడిచిన ఏడు రోజుల్లో మీ ఇంట్లో ఎవరెవరు ఏ పని చేశారో రాసుకోవాలి. గవర్నమెంటు లెక్క. పేర్లు బయటికి రావు" అంది.

"రాసుకో. దాసుకోడానికి మా ఇంట్లో ఏటున్నాది."

"ముందు మీ గురించి చెప్పండి."

"నాకేటి పని, ముసిలిదాన్ని. కోటబొమ్మాళి షావుకారు బస్తాలు పంపుతాడు. సింతపండు కొట్టి, గింజ తీసి ఇస్తాను."

"వారంలో ఒక గంటైనా చేశారా?"

గురమ్మ రెండు చేతులూ చాపి చూపించింది. గోళ్ళ చుట్టూ చింతపండు నలుపు, వేళ్ళ సందుల్లో పగుళ్ళు. ఉష ఫోను మీద నొక్కింది. "అయితే మీకు పని ఉన్నట్టు." ఈశ్వరి ఆరు రోజులు కలుపుకి వెళ్ళింది. ఆమెకీ పని ఉన్నట్టే.

"ఇంక మీ అబ్బాయి."

"మిల్లు పనిలో ఉన్నాడు. బదిలీ. నాలుగొందల పదిహేడు."

"మిల్లు మూసేశారు కదా అమ్మమ్మా."

"మూయలేదు. ఆపేరు. మూసీస్తే మూసీసేమని రాసీవోరు గదా."

"పోనీ, పోయిన ఏడు రోజుల్లో ఒక్క గంటైనా పని చేశారా?"

"రోజూ గేటు కాడికి ఎల్తన్నాడు."

"వెళ్ళడం కాదు. పని."

గురమ్మ నోట్లో ఆకు ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చింది. అబద్ధమాడటం ఆమెకి చేతకాదు, తగ్గడం అంతకన్నా చేతకాదు. "లేదు" అంది చివరికి.

"వేరే పని వెతుకుతున్నారా?"

"ఉన్నోడు ఎందుకు ఎతుకుతాడమ్మీ? పారేసుకున్నోడు గదా ఎతుక్కుంటాడు."

"ఎవరైనా ఇస్తే చేస్తారా?"

"సెయ్యడు. బిళ్ళ పోతాది."

ఉష ఫోనులో వెనక్కి జరిపి చూసింది. "మూడు నెలల కిందట వచ్చినప్పుడు మీరు ఊళ్ళో లేరు. వెతుకుతున్నారని మీ కోడలు చెప్పింది."

గురమ్మ ఈశ్వరి వైపు చూసింది. ఈశ్వరి చేటలో బియ్యం వైపు చూసింది.

"దాని మాట కొట్టీ. ఈ ఇంటి మాట నాది. ఇప్పుడేటి రాసేవు?"

"పని చేయడం లేదు, పని వెతకడమూ లేదు అని. అంటే మీ అబ్బాయి లెక్కలో లేరు."

"ఏ లెక్కలో?"

"పని ఉన్నవాళ్ళ లెక్కలో లేరు. పని లేనివాళ్ళ లెక్కలోనూ లేరు. వెతుకుతూ దొరకనివాళ్ళనే పని లేనివాళ్ళుగా రాస్తాం."

అరవై ఎనిమిదేళ్ళ తనకి పని ఉందట. నలభై ఏళ్ళ కొడుకు అసలు లేడట. గురమ్మ ఈ మాట కాసేపు నమిలింది.

"ఈ ఈదిలో పని లేనోళ్ళు ఎంతమంది తేలేరు?"

"అవి చెప్పకూడదు."

"పేర్లు అడగలేదు నాను."

ఉష గొంతు తగ్గించింది. "పోయినసారి అయిదుగురు. ఈసారి ఇప్పటికి ఇద్దరు."

"మిగిలినోళ్ళకి పనులొచ్చీసేయేటి?"

"రాలేదు. వెతకడం మానేశారు. పైన కూర్చుని చూసేవాళ్ళకి మాత్రం తగ్గినట్టే కనిపిస్తుంది."

ఆమె వెళ్ళాక గురమ్మ కోడలి మీద పడింది. "ఎవుర్తో వొస్తే మొగుడికి పని లేదని సెప్పీసేవా? నీ మొగుడు ఈదంట తిరిగీవోడా?"

"నిజమే సెప్పేనత్తా. అప్పటికి ఎతుకుతున్నాడు."

"అప్పటికేటి? ఇప్పుడో?"

ఈశ్వరి లేచి నిలబడింది. చేట పట్టుకుని లోపలికి పోయింది. గురమ్మ వెంట వెళ్ళి అడిగి ఉండవచ్చు. చింతపండు బస్తా ముందుకి లాక్కుంది.

మర్నాడు సైరను మోగింది.

తెల్లారి సైరను కాదు, మధ్యాహ్నంది కాదు. పొద్దు బాగా ఎక్కాక, ఏ షిఫ్టూ కాని వేళ. ఆ వేళకి సైరను మోగడం గురమ్మ కాపురానికి వచ్చాక ఎన్నడూ వినలేదు. కూత లేచింది, సాగింది, పూర్తికాకుండానే గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయింది. చింతపండు కొట్టే కర్ర కింద పడేసి ఆమె లేచింది. వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. పక్కింటి బుల్లమ్మ మొగుడు ఖాకీ చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకుంటూ పరుగెత్తాడు. ఎవరో ఏడుస్తున్నారు, సంతోషంతోనే.

"సెప్పలేదా నాను, ఆపేరు గాని మూయలేదని" అని గురమ్మ దారి పొడవునా అందరికీ చెప్పుకుంటూ వెళ్ళింది.

గేటు బార్లా తెరిచి ఉంది. పసుపు టోపీ పెట్టుకున్న కొత్త మనిషి ఒకడు చేతులు అడ్డం పెట్టాడు. "ఏమీ లేదు, వెళ్ళండి. సైరను అమ్మేశాం. పనిచేస్తుందో లేదో ఒకసారి చూసుకున్నాం, అంతే."

జనం గేటు దగ్గరే ఆగిపోయారు. గురమ్మ ఆగలేదు. అతని చెయ్యి కింద నుంచి వంగి లోపలికి పోయింది. ముసలిదాని రెక్క పట్టుకోడానికి అతనికి చెయ్యి రాలేదు.

లూముల షెడ్డు ఇంత పెద్దదని ఆమె ఎన్నడూ అనుకోలేదు. నేల మీద వరసలు వరసలుగా బోల్టుల గుంటలు, పళ్ళు పీకిన చిగుళ్ళలాగా. ఆ చివర కొన్ని లూములు మిగిలి ఉన్నాయి. వాటి దగ్గర నల్ల కళ్ళద్దాల మనిషి మోకాళ్ళ మీద కూర్చుని నిప్పుతో ఇనుము కోస్తున్నాడు. రవ్వలు చొక్కా మీద పడి ఆరుతున్నాయి. ముఖం కనపడలేదు. వీపు చూసి పోల్చుకుంది. జగన్నాధం వీపు అలాగే ఉండేది.

ధనరాజు మంట ఆపి లేచాడు. కళ్ళద్దాలు తీశాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎన్నాళ్ళయింది?"

"రెండు నెల్లు."

"బిళ్ళో?"

అతను జేబులోంచి తీసి చూపించాడు. "తగిలించడానికి బోర్డు లేదమ్మా. మొదటి వారమే తీసీసేరు." కాస్త ఆగి, "నానే ఇప్పేను" అన్నాడు.

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే రానిద్దువా?"

దానికి గురమ్మ దగ్గర జవాబు ఉంది. ఉన్నది ఒక్కటే, అది అతనికీ తెలుసు. అందుకని అడగవలసిన ఇంకో మాట అడిగింది. "మీ నాయిన లూము?"

"అదిగో. ఆఖర్న తీద్దామని సెప్పేను."

"ఇంకెన్నున్నాయి?"

"పదకొండు."

"తరవాత?"

ధనరాజు పైకి చూశాడు. కప్పు అంచు మీద నుంచి సైరనుని తాళ్ళతో దింపుతున్నారు. గాలికి అది మెల్లగా తిరుగుతోంది. "తరవాత రేకులు పీకుతారు. దానికి ఏరే మనుషులొస్తారట" అన్నాడు. "నువ్వెల్లమ్మా. ఇక్కడ నిలబడకూడదు. మీద పడతాయి."

తిరిగి వచ్చేటప్పుడు గురమ్మ వీధి వారగా నడిచింది. ఎవరూ ఆమెని ఏమీ అడగలేదు. మిల్లు తెరుస్తారని ఆమె మాట పట్టుకుని కూర్చున్న ఇళ్ళు ఆ వీధిలో ఇంకా ఉన్నాయి. గిరిబాబు దగ్గర ఇప్పుడు చోటు ఉందో లేదో. మనుషులు చాలడం లేదన్న మాట ఆర్నెల్ల కిందటిది.

ఉష బుల్లమ్మ అరుగు మీద కూర్చుని రాసుకుంటోంది. గురమ్మ ఎదురుగా నిలబడింది.

"అమ్మీ, నిన్న నాను సెప్పింది కొట్టీ. మా అబ్బాయి పని లేనోడని రాయి. నా మాట మూలాన ఆడు లెక్కలోంచి పోకూడదు."

ఉష ఫోను తిప్పింది. "పోయిన ఏడు రోజుల్లో ఏమైనా పని చేశారా?"

"సేసేడు. నాకు తెలీదు నిన్న."

"ఏ పని?"

"మిల్లు పని."

"మిల్లులో ఏం పని అమ్మమ్మా?"

"ఇప్పడం."

ఉష అర్థం కానట్టు చూసింది. అంతలో మిల్లు వైపు నుంచి ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు వినిపించింది. విప్పడమని అప్పుడు అర్థమైంది. తల వంచుకుని నొక్కింది. "ఒక గంట చేసినా పని ఉన్నట్టే. పని లేనివాడని రాయడానికి కుదరదు."

"ఆ పని ఎన్నాళ్ళుంటాదని అడగవా?"

"అది అడగడానికి గడి లేదు. గడిచిన ఏడు రోజులే."

"రాబోయే ఏడు రోజులో?"

"అవి అడగరు అమ్మమ్మా." ఆ పిల్ల సంచీ సర్దుకుంది. "మళ్ళీ మూడు నెలలకి వస్తాను."

"రా. అప్పటికి ఈ ఈదిలో ఎవులుంటారో, ఎవుల్ని అడుగుతావో సూసుకుందువు గాని."

ఇంటికొచ్చి గురమ్మ చింతపండు ముందు కూర్చుంది. కర్ర చేతిలోకి తీసుకుంది గాని కొట్టలేదు. ఈశ్వరి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పొద్దు వాలుతోంది. పొయ్యి వెలిగించాల్సిన వేళ అయిందో కాలేదో చెప్పే కూత ఇంక లేదు.

మిల్లు వైపు నుంచి పెద్ద బరువేదో నేల కూలిన చప్పుడు వచ్చింది. అరుగు అదిరింది. లోపల గూట్లో కంచాలు ఒకదానికొకటి తగిలి, ఆ మోత కాసేపటి దాకా ఆగలేదు. జగన్నాధం ఫొటో కింద ఖాళీ మేకు ఉంది.

"పది" అంది గురమ్మ.