చేతులకు చోటు వదిలిన మాస్టరు

మా కీబోర్డు మాస్టరు పోయినాడు. మధ్యాహ్నం సంగటి తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడంట. టీ పెట్టి వాళ్లింటామె లేపబోతే లేయలేదు. మా చర్చి అయ్యగారు ఫోను చేసి ఈ మాట చెప్పేటప్పటికి నేను ఎర్రగుంట్ల బస్టాండులో మా పాప కోసం కూచొనుండా. బస్టాండు ఎదురుగా ఎరువుల అంగట్లో బిల్లులు కొట్టే పని ఆ పిల్లది. బయటికి రాంగానే నా మొగం చూసి, "ఎవురు నాయినా?" అని అడిగింది. రెండు చేతులూ ముందుకు చాపి, కీబోర్డు మెట్ల మీద వాయించినట్ల వేళ్లు ఆడించినా. అంతే, ఆడ్నే అరుగు మీద కూలబడిపోయింది.

సమాధి చేసి వచ్చినకాడి నుంచి నా ఒళ్లు నా మాట వినడంలేదు. కూచుంటే లేయబుద్ధి కాదు, లేస్తే యాడికి పోవాల్నో తెలీదు. అయినా ఈ నాలుగు ముక్కలు రాయకపోతే ఊపిరాడేట్టు లేదు. నేను పెద్ద చదువులోణ్ని కాదు. సిమెంటు ఫ్యాక్టరీలో మూటలు ఎత్తి దిగిపోయినోణ్ని, అంతకు ముందు తప్పెట కొట్టినోణ్ని. మాస్టరు ఆయప్ప నాకన్నా చిన్నోడు గనుక పోయినాడు, వచ్చినాడు అనే రాస్తాండా. మర్యాద లేక కాదు, మనసు నిండా ఉండాది.

పెండ్లిండ్ల ఆర్కెస్ట్రాలో కడప, బద్వేలు, ఆత్మకూరు అంతా తిరిగి తిరిగి, ఆఖరికి మా చర్చిలో కుదురుకున్నాడు. ఆయప్పకు ఒక పాత సింథసైజరు కీబోర్డు ఉండేది, ఆదివారాలు చర్చికీ దాన్నే తెచ్చేవాడు. దాంట్లోనే సీక్వెన్సరు. అంటే, మనం వాయించింది గుర్తుపెట్టుకొని, ఆపమనేదాకా మళ్లా మళ్లా వాయించే ఏర్పాటు. చదువుకునే దినాల్లో మా పాపను సైకిలు మీద ఎక్కించుకొని ఆయప్ప ఇంటికి తీసకపోతాంటి. పాఠం అయ్యేదాకా వాకిట్లో మంచం మీద కూచొని వినేవాణ్ని. అట్ల వినీ వినీ, వాయించడం రాకపోయినా ఆయప్ప చెప్పిన మాటలు నాకూ పట్టుబడినాయి. మీ ఇంట్లో అట్లాంటి మిషను ఉంటే మీకూ పనికొస్తాయి.

కొన్నాళ్లకు మా పాప, ఫోన్లో చూసిన కొత్త మిషన్లో శానా టోన్లు ఉండాయనీ, ఇది పాతబడిపోయిందనీ గొణిగింది. ఆయప్ప కోపం చేసుకోలేదు. వేణువు టోను ఒకటి పెట్టి, ఇంక వేరే దాని జోలికి పోవద్దన్నాడు. ఒక గుండీ తిప్పాల, చెవి పెట్టి వినాల, మళ్లా ఉన్నచోటికి తెచ్చి, అప్పుడు ఇంకోటి తిప్పాల. రెండు ఒకేసారి తిప్పితే ఏది ఏం చేసిందో తెలీదు. అట్ల తిప్పితే ఆ వేణువే ఒకపక్క గాలి మాదిరి, ఒకపక్క ముసలామె మూలుగు మాదిరి అయ్యింది. "కొత్తది కొనే ముందర పాతదాన్ని పూర్తిగా అడిగి చూడు పాపా. అది ఇంకా శానా చెప్పాలనుకుంటాండాది" అన్నాడు.

చేసిన టోనును అసలు దాని మీద రాయకుండా, వేరే చోట, గుర్తుండే పేరుతో దాచమనేవాడు. అంకెలు పెడితే మర్నాడు మనకే తెలియదంట. మిషనుకుండే చిన్న తెర మీద ఒకనాడు 'నాయిన గురక' అని కనపడింది. మంచం మీద నేను నిద్రపోతాంటే, నా గురక విని, బొంగురు టోను ఒకటి చేసి ఇద్దరూ కలిసి ఆ పేరు పెట్టినారు. క్రిస్మస్ పాటల్లో కింద ఘుమ్మని మోగేది అదే. చర్చిలో అది మోగినప్పుడంతా మా పాప నా దిక్కు చూసి నవ్వేది.

సేవ్ చేసే సంగతి మాత్రం కరెంటోళ్లు నేర్పించినారు. సాయంత్రమంతా కూచొని ఒక పాటకు వరసలన్నీ కట్టినారు. ఆఖరి చరణంలో కరెంటు పోయింది, పాటంతా పోయింది. మా పాపకు ఏడుపొకటే తక్కువ. ఆయప్ప ఇసనకర్ర అందుకొని ఆ పిల్లకు విసురుతా, తప్పు తనదేననీ, పాట పూర్తయినాక ఒకేసారి దాచొచ్చులే అనుకున్నాననీ చెప్పినాడు. ఆనాటి నుంచి పల్లవి అయితే సేవ్, చరణం అయితే సేవ్.

ఇంక మా తప్పెట సంగతి. మిషన్లో ఉండే డ్రమ్ములు ఆయప్పకు నచ్చేవి కావు, అన్నీ డబ్బాల మాదిరి ఉంటాయని. మైకు పెట్టి నా తప్పెట దెబ్బ దాంట్లోకి ఎక్కించుకుంటానన్నాడు. తప్పెటను మంటకు బాగా కాచి, గదిలోకి తీసకపోయి కూచున్నా. బయటి చప్పుడు రాకూడదని ఆయప్ప కిటికీలు మూసి, తీగలు సర్ది, గుండీలు సరిచూసి, ఇంక కొట్టన్నా అనేటప్పటికి చర్మం సల్లారి సడలిపోయింది. కొడితే తడి గోనెసంచి మీద కొట్టినట్టుంది. మళ్లా బయటికి పోయి కాస్తి, మళ్లా లోపలికొస్తి, మళ్లా అదే కత. ఆఖరికి ఆయప్పకే విసుగొచ్చి, మైకు, మిషను అన్నీ మిద్దె మీదికి మోసినాడు. జొన్నసొప్ప మంట పక్కనే కొట్టినా. దెబ్బ ఖంగుమంది, మంట చిటపటలు గూడా ఎక్కినాయి. తీసేయమంటే తీయలేదు. "ఉండనీన్నా. అది యాడ పుట్టిందో వినేటోళ్లకు తెలియాల" అన్నాడు.

దాన్ని సీక్వెన్సర్లో పెట్టినాక ఇంకో చిక్కు వచ్చింది. తాళం తప్పకుండా దెబ్బలన్నిటినీ గీత గీసినట్టు సర్దే మీట ఒకటి ఉంటాది. మా పాప అది నొక్కింది. దెబ్బలు సరిగ్గా పడినాయి, ఆట మాత్రం చచ్చిపోయింది. మేం తప్పెట కొట్టేటప్పుడు చిటికెన పుల్ల, అంటే ఎడంచేతిలోని సన్న పుల్ల, ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడతాది, కాలు లేసేది దానికే. ఆయప్ప ఆ సర్దుడంతా రద్దు చేసి, కింది పెద్ద దెబ్బను మాత్రం సర్ది, మిగతావి నేను కొట్టినవి కొట్టినట్టే వదిలేసినాడు. ఒక వరసను ఇంకోదాని కంటే ఒక దెబ్బ పొట్టిగా పెట్టడం గూడా అప్పుడే చూపించినాడు. ఇద్దరు మనుషులు ఒకే దోవలో పోతాంటే, ఒకడి అడుగు పొడుగు, ఒకడిది పొట్టి, ప్రతి మలుపులో కొత్తగా కలుస్తారు కదా, అట్ల ఒకే పాట ఎంతసేపు మోగినా విసుగు పుట్టదంట.

ఆయప్ప అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఇది: "పాటలో సగమే మిషనుకు ఇయ్యి పాపా. మిగతా సగం చేతులకు ఉంచుకో. అంతా దానికే ఇచ్చేస్తే మనం ఇంటికి పోవచ్చు."

సమాధి అయిన సాయంత్రమే, ఆయప్ప కుర్చీలో ఎవురు కూచోవాలనే మాట వచ్చింది. మా పాపకు ఆ ఆశ ఎన్నేండ్ల నుంచో ఉండాది. నోరు తెరిచి అడగదు, నాకు తెలుసు. సంఘ పెద్దల్లో ఒకడు మా బామ్మర్ది. "ఏం బావా, మీట నొక్కేదానికి గూడా మనిషి కావాల్నా? పాటలన్నీ దాంట్లోనే ఉండాయి. ఆయప్ప పైకి పోయినా ఈడ డ్యూటీ చేస్తానే ఉంటాడు" అన్నాడు. కొందరు నవ్వినారు. మా పాప తల దించుకొని చెప్పులు వేసుకుంది. ఇంటికొచ్చినాక అన్నం ముట్టలేదు. నేను గూడా గోడకు ఆనుకొని కూచున్నా.

పోయినోళ్ల కోసం చర్చిలో పెట్టే ఆదరణ కూడిక నాడు బామ్మర్దే పోయి మిషను ముందర నిలబడి, ఆయప్పకు ఇష్టమైన పాట పెట్టి మీట నొక్కినాడు. నా తప్పెట మోగింది. కింద నా గురక ఘుమ్మంది. రాగం అందుకోవాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. జనం నోరు తెరిచినారు, ఎత్తుకునేది యాడో తెలియక మూసినారు. వరస తిరిగొచ్చింది, మళ్లా అదే ఖాళీ. ఆయప్ప ఏ పాటలోనూ రాగాన్ని మిషనుకు ఎక్కియ్యలేదు. ప్రతి ఆదివారమూ అది చేత్తో వాయించిందే.

బామ్మర్ది వెనక్కి తిరిగి మా పాపను చూసినాడు. "మ్మే, రామ్మా. ఇది నాతో అయ్యేది కాదు" అన్నాడు.

పోయి కూచుంది. ముందర అంతా ఆపింది. పాట టెంపో తగ్గించింది, ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన మనుషులకు అంత పరుగు అందదని. మళ్లా మొదలుపెట్టి, ఆ ఖాళీలో కుడిచేయి పెట్టింది. అందరికన్నా ముందు గొంతు కలిపింది మాస్టరు ఇంటామె. ఆ తర్వాత చర్చి అంతా లేసింది. నేను లేయలేకపోయినా. కండ్లలో నీళ్లు, నోట్లో నవ్వు. ఆయప్పను మట్టిలో పెట్టి ఎన్నాళ్లు కాలేదు, ఇంత సంతోషం పడొచ్చునా అని నాకే సిగ్గేసింది. పడినా. దేవుడు క్షమిస్తాడు, మాస్టరు అయితే నవ్వుతాడు.

ప్రార్థన అయినాక అయ్యగారు ఇంకమీదట ఆ కుర్చీ మా పాపదేనని అందరి ముందరా చెప్పినాడు. మిషను చర్చిలోనే ఉండనీమని మాస్టరు ఇంటామె చెప్పింది. మా బామ్మర్ది అన్నం వడ్డిస్తా నా దగ్గరకొచ్చి, "బావా, మీట నొక్కేది గూడా విద్యేనప్పా" అని రెండో మాంసం ముక్క వేసిపోయినాడు.

జనం తిని వెళ్లిపోయినారు. చాపలు చుట్టేసినారు. ఇంటికి పోదాం రమ్మందామని లోపలికి పోతే, మా పాప ఇంకా మిషను దగ్గరే ఉండాది, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని. నేను వచ్చింది చూడలేదు. ఏదో కొత్త వరస కడతాండాది. వాయిస్తాది, ఆగుతాది, తల అడ్డంగా ఆడిస్తాది, మళ్లా వాయిస్తాది. పాట ఆ పిల్లకు మాత్రమే వినపడతాండాది. నాకు మెట్లు కిందికి పోయి పైకొచ్చే టకటక మాత్రమే. ఆఖరి బెంచీ మీద ఒరిగి, కండ్లు మూసుకొని, అదే వింటా కూచున్నా.