దేవుడి బియ్యం డబ్బా

ఇవాళ రావులపాలెంలో పాత సామాన్ల కొట్టు ముందు తుప్పుపట్టిన రేకు డబ్బా చూసి ఆగిపోయాను. మీ అమ్మలు కూడా ఎసట్లో బియ్యం పోసేముందు చర్చికని ఒక గుప్పెడు అలాంటి డబ్బాలోనే తీసిపెట్టేవారు, గుర్తుందర్రా?

వరదకి గోదారి మా అరుగెక్కిన రోజు ఇంట్లో ఆ బియ్యమే మిగిలింది. సరిగ్గా అప్పుడే, అంతకుముందేడు గట్టు తగాదాలో నాన్నని కొట్టి చెయ్యి విరగ్గొట్టిన పక్కచేను ఆసామి, మనవరాలిని భుజానేసుకుని నడుంలోతు నీళ్లలో మా గుమ్మం ముందుకొచ్చాడు. నాన్న మూలనున్న కర్ర అందుకున్నాడు.

అమ్మ అడ్డంగా నిలబడి, "పాపనిలా ఇవ్వండి. ఏమన్నా తిందా?" అంది. ఆయన పాపని అందిస్తూ లేదన్నట్టు తలూపాడు. అమ్మ డబ్బా మూత తీసింది.

"అమ్మా, అది దేవుడిది!" అన్నాను.

"అందుకేగా తీస్తున్నా."

పొయ్యిలోకి పుల్లలన్నీ తడిసిపోయాయి. నాన్న తన చేతిలో ఉన్న ఆ కర్రనే మోకాలికేసి విరిచి పొయ్యిలో పెట్టాడు.