గాధి మహారాజు దిన్నె

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తిండీ నిద్రా కరువైనా ఈర్ష్యకు మాత్రం లోటుండదు. కెనడాలోని గ్వెల్ఫ్‌లో చదువుకుంటూ ఒక కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేసిన రోజుల్లో నాకు పుష్కలంగా దొరికింది అదొక్కటే. అక్కడ నాతోపాటు ఒక వరంగల్ అమ్మాయి పనిచేసేది. (నన్ను "అన్నా" అనేది. ఆ పిలుపును నేను పట్టించుకోదలచుకోలేదు.) అంతా సవ్యంగా సాగుతోందనుకుంటుండగా ఐర్లాండ్‌లోని ఏదో పల్లె నుంచి పొడుగాటి కుర్రాడొకడు వచ్చి చేరాడు. మేం వాడికి దొర అని పేరు పెట్టుకున్నాం.

బ్రేక్ దొరికితే చాలు, దొర తన చుట్టుపక్కల ఊళ్ల పేర్లు విప్పి చెప్పేవాడు. నాక్‌రో అంటే ఎర్రగుట్ట అట. టబర్ అంటే బావి అట. ఆ అమ్మాయి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. "మా దిక్కు కూడా ఎర్రగుట్ట ఉంది అన్నా, సేమ్ పేరు!" అని మళ్లీ నాకే చెప్పి మురిసిపోయేది. నాకు కడుపు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక, "మీ దగ్గర కిల్‌మోర్ అని కూడా ఉందిగా, అంటే ఇంకా చంపండనా?" అన్నాను. "కిల్ అంటే మా భాషలో చర్చి. పెద్ద చర్చి ఉన్న ఊరు" అన్నాడు వాడు శాంతంగా. (కోప్పడినా బాగుండేది.)

"మీ ఊరి పేరేంది అన్నా?" అంది ఆ అమ్మాయి. మా ఊరు గాడిదలదిన్నె. దొర ముందు ఆ పేరు చెప్పబుద్ధి కాలేదు. "గాధిదిన్నె. గాధి మహారాజు యజ్ఞం చేసిన చోటు" అన్నాను. ఆ వారమంతా రాజవంశీకుడిలా నడిచాను.

ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసింది. నా చేతులు సబ్బు నురగలో ఉన్నాయని ఆ అమ్మాయే ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"నమస్తే ఆంటీ! మీ ఊర్ల రాజు యజ్ఞం చేసిండట కదా?"

"ఏ రాజు తల్లీ? ఉప్పు మోసే గాడిదల్ని కట్టేసేవాళ్లు, అందుకే గాడిదలదిన్నె. అసలు వీడేం చెప్పాడు నీకు?"

ఆమె నవ్వు ఆపుకోలేక కౌంటర్ పట్టుకుని, అంతా దొరకు ఇంగ్లీషులో చెప్పింది. వాడు మాత్రం నవ్వలేదు. "మా భాషలో గాడిదను 'అసల్' అంటాం. మీరిద్దరూ మాటకోసారి అసలు, అసలు అంటుంటే ఎవర్ని తిట్టుకుంటున్నారో అడగడానికి మొహమాటపడ్డాను" అన్నాడు. నాకూ నవ్వొచ్చేసింది. ఈర్ష్య తగ్గలేదు గానీ, వాడితో మాట్లాడకుండా ఉండటం కష్టమైపోయింది.

చివరికి ఆ అమ్మాయి ఉద్యోగానికి కాల్గరీ వెళ్లి, మా ఇద్దరికీ తెలియని ఒక కరీంనగర్ కుర్రాణ్ణి చేసుకుంది. కబురు చెబుదామని ఫోన్ చేస్తే, "వాడు నాకంటే పొడుగా?" అన్నాడు దొర. "నీకూనా?" అన్నాను. "నాకూనే" అన్నాడు. ఇద్దరం మిస్సిసాగాలోని ఇండియన్ షాపుకు వెళ్లి పెళ్లి కానుకగా ఆమెకో కుక్కర్ కొన్నాం. కార్డు మీద ఎవరి పేరు ముందుండాలో పార్కింగ్‌లో నిలబడి తెగ వాదించుకున్నాం. వాడి పేరే ముందొచ్చింది. ఆ ఇద్దరు పిచ్చివాళ్లను తలచుకుని ఇప్పుడు నవ్వుకుంటాను గానీ, ఆ కార్డు దగ్గరికొచ్చేసరికి ఇప్పటికీ కాస్త మండుతుంది.