గోడ ముందు బ్రేకు

ఇవాళ మెకానిక్ బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీయగానే మా కోడంబాక్కం ఇల్లు గుర్తొచ్చింది. మన చిన్నప్పుడు ఆ ఆయిల్ ఆముదం వాసన కొట్టేది, గుర్తుందా? అది అయిపోయిందని మా చిన్నాన్న ఒకసారి పాత కారు బ్రేకుల్లో ఇంజను ఆయిల్ పోశాడు. రబ్బరు వాషర్లు ఉబ్బిపోయాయి. బ్రేకు పట్టక, నాయన తోలుతున్న కారు రైల్వే గేటును గుద్దుకుంది. నాయన ఇంటికొచ్చి చిన్నాన్నను జాకీ రాడ్డుతో నెత్తురొచ్చేలా కొట్టాడు. అతని చేతే బ్రేకులు మళ్లీ చేయించి, "డేయ్, పోయి ఆడ గోడ కాడ నిలబడు!" అని కారును అతని మీదికే తోలాడు. బంపరు మోకాళ్లకు తగలబోయి ఆగింది.

చిన్నాన్న మూతి నెత్తురు తుడుచుకుని, "ఇప్పుడు నువ్వు నిలబడన్నా, నేను తోల్తా" అన్నాడు.

నాయన దిగి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు. నాయనంటే నాకు భయం పోయింది ఆ పొద్దే.