బుచ్చయ్య బాపు బట్టీ చూపిస్తే

బట్టీ మొత్తం చూపించనిదే బుచ్చయ్య బాపు ఎవరికీ చుక్క సారా పోసేవాడు కాదు. బయ్యారం అడవి అంచున ఆ ఇప్పసారా బట్టీ వాళ్ల తాత కట్టింది. ఆ తాతను నేను చూడలేదు గానీ, ఆయన ఏ రాయి ఎక్కడి నుంచి మోసుకొచ్చాడో రోజూ విని విని నా నడుమే నొప్పి పుట్టేది. అక్కడ నీళ్లు మోసే పని నాది. బాపు చూపిస్తుంటే వెనక నడిచి బానల మూతలు ఎత్తడం కూడా నాకే పడింది.

వచ్చినవాళ్లు నానిన ఇప్పపువ్వు వాసన చూడాలి, బానలు తట్టి చప్పుడు వినాలి, చివరికి తాత కూర్చున్న బండకు దండం పెట్టాలి.

"బాపూ, గొంతు ఎండుతున్నది. జర పొయ్యరాదే," అన్నాడు ఓసారి కేసముద్రం బండి తోలే వెంకన్న.

"పోస్త గని, పువ్వు ఎట్ల ఆరవెడ్తరో ఎరుకేనా?"

"మా ఇంట్ల గూడ ఆరవెడ్తరు."

"గదేం ఆరవెట్టుడు? రా, చూపిస్త."

పాపం వెంకన్న వాగులో నీళ్లు తాగి బండెక్కాడు.

అవి దొరల మీద సంఘం తిరగబడిన రోజులు. సంఘపోళ్లకు బువ్వ పెట్టారని గస్తీ పోలీసులు ఊళ్లలో మగవాళ్లను లారీల్లో ఎక్కించుకుపోయేవారు. పోయినవాళ్లందరూ తిరిగి రాలేదు. వాగు అవతలి తండాకు మా బట్టీ పక్కనుంచే బాట.

ఖాకీ బట్టలు కనబడితే బాపుకు పూనకమే. వాళ్లకు ఇంకొకటి ఎక్కువ చూపేవాడు: సారా దించాక మిగిలిన తడి పిప్పి పొయ్యిలో వేసి మంట చల్లార్చడం. తట్టలు మోసేదీ నేనే, నల్లపొగ మింగేదీ నేనే.

ఆ ఎండాకాలం ఒక జమేదారు సిపాయిలతో దిగాడు.

"తండాకు పోవాలె. జల్దీ సారా పొయ్యి."

"పోస్త దొరా. కనకయ్యా, పిప్పి తే."

పొగ చెట్ల పైకి లేచింది. జమేదారు దగ్గుతూనే బానలన్నీ వాసన చూశాడు.

"ఇగ అయిపోయిందా ముసలోడా?"

"సగం అయింది దొరా."

ఒక సిపాయి తాత బండ మీదనే నిద్రపోయాడు. వింతేమిటంటే, బాపు అతన్ని లేపలేదు. ఎట్టకేలకు తాగి తండాకు పోయినవాళ్లు, అక్కడ మేకలు తప్ప ఎవరూ లేరని తిట్టుకుంటూ తిరిగి వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండింది. "ఇంక నాతోని గాదు బాపూ. ఖాకీలకే ఎందుకే గీ పిప్పి?"

బాపు చుట్ట వెలిగించుకున్నాడు. అప్పుడే అడవిలోంచి వచ్చిన తండా సక్రి నవ్వింది.

"నీకు ఎరుకలేదా అన్నా? నల్లపొగ జూస్తెనే మేం అడివెక్కుతం. ముసలోళ్లను, పిల్లలను దాటిచ్చేదాక బాపు వాళ్లను గిట్ల తిప్పుతడు."

మోసిన తట్టల బరువంతా దిగిపోయినట్టయింది. అయినా ఉడుకుమోత్తనం పోలేదు.

"నాకొక్క మాట చెప్పొద్దా బాపూ?"

"చెప్తే నువ్వు గంత మంచిగ ఇసుక్కుందువా? నీ మొఖం జూసే వాళ్లు నమ్మిన్రు."

ఇంతలో సక్రి పెనిమిటి చాంద్యా కాళ్ల నిండా ముళ్లతో వచ్చి కూలబడ్డాడు.

"బాపూ, ఒక్క గుక్క పొయ్యి. పాణం పోతున్నది."

"పోస్త బిడ్డా. మొదలు పువ్వు ఎట్ల నానవెడ్తరో..."

చాంద్యా అడవి దిక్కు చూశాడు. "నేను మల్ల గటే పోత బాపూ."

నేను లేచి మొదటి బాన మూత ఎత్తాను.