సాగిన చుక్క

1970ల నడుమ నేను నగరం బయట ఒక అబ్జర్వేటరీలో టెంపరరీ అసిస్టెంటుని. ఇల్లు నగరంలోనే, జహనుమా బస్తీలో. వేరే గెలాక్సీల ఫోటోలు తీసి నోవాలను వెతకడం మా పని. నోవా అంటే కొత్తగా పుట్టిన నక్షత్రం కాదు. ఉన్నదే ఒక్కసారి భగ్గుమని, కొన్ని వారాల్లో మళ్లీ మసకబారుతుంది. ఫోటో గాజు ప్లేటు మీద పడేది, నక్షత్రాలు అందులో నల్ల చుక్కలుగా కనిపించేవి. పాత ప్లేటులో లేని చుక్క కొత్తదానిలో ఉందా అని చూసేది యూసుఫ్ భాయ్. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. ఆండ్రోమెడా గెలాక్సీ ఆయనకు తన గల్లీ కన్నా బాగా తెలుసు.

ప్లేటు తీస్తున్నంతసేపూ ఒక నక్షత్రాన్ని, టెలిస్కోపుకు కన్ను ఆనించి చూసే ఐపీసులోని సన్నగీతల మీద కదలకుండా నిలపాలి. దాన్ని గైడింగ్ అంటాం. ఒకసారి నేను ఆ పనిలోనే కునుకు తీశాను. కడిగి చూస్తే చుక్కలన్నీ ఒకే పక్కకు సాగి బియ్యపు గింజల్లా ఉన్నాయి. నన్ను పర్మనెంట్ చేసే కాగితం ఆఫీసరు బల్ల మీద ఉన్న రోజులవి. పై ప్రాణాలు పైనే పోయాయి.

చెడిన ప్లేట్లను వేడినీళ్లలో వేసి, పైపూత గీకేసి, ఆ గాజును పటాలకు వాడుకోవడం మా అందరికీ అలవాటు. కాకపోతే యూసుఫ్ భాయ్ చూడనిదే ఏ ప్లేటూ బయటికి పోకూడదు. నేను రిజిస్టరులో ఎక్కించకుండా న్యూస్ పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చాను. ఎల్లమ్మ పటానికి గాజు కావాలని మా అమ్మ ఏడాదిగా అడుగుతోంది. మర్నాడు పొద్దున్నే పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

నీళ్లు మసులుతుండగా గుమ్మంలో యూసుఫ్ భాయ్.

"డబ్బాల ఒక ప్లేటు తక్కువున్నది. ఏడున్నది మియా?"

"ఖరాబైంది భాయ్. పనికిరాదు."

"పనికొస్తదో రాదో చెప్పనీకే గదా నాకు జీతమిచ్చేది. ఇటియ్యి."

కిటికీ వెలుగుకు పట్టి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. "గీ చుక్క పోయిన నెల లేకుండె."

"మరక గావచ్చు. నేను సరిగ్గ కడగలే."

"మరక గిట్ల ఉండదు. ఇది సుత పక్క చుక్కల లెక్కనే, గదే దిక్కు, గంతే సాగింది. పైన ఆస్మాన్‌ల ఉన్న చుక్కనే గట్ల సాగుతది. నువ్వు పండుకున్నవ్ గాబట్టే నమ్ముతున్న."

మా అమ్మ పొయ్యి ఆర్పింది. "మావోని నౌకరి పోతదా అన్నా?"

"ఏమో చెల్లె. గని ఎందుకు సాగిందో వీడే రాయాలె. రాయకుంటే ఈ చుక్కను ఎవ్వరు నమ్మరు."

ప్లేటు కవరు మీద రాశాను: 'గైడింగ్ చేస్తూ నిద్రపోయాను.' కింద సంతకం. ఆఫీసరు చదివి చెడామడా తిట్టాడు, కానీ వెంటనే మళ్లీ రెండు ప్లేట్లు తీయించాడు. రెంటిలోనూ అదే చోట, ఈసారి గుండ్రంగా, అదే చుక్క. నోవానే.

నా పర్మనెంట్ ఆరు నెలలు వెనక్కి పోయింది. యూసుఫ్ భాయ్ మాత్రం ఆ వారమే తన పెళ్లి ఫోటో ఫ్రేములోని గాజు ఊడదీసి మా అమ్మకు తెచ్చిచ్చాడు. అంత మంచి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తప్పు చేయడం కన్నా దాన్ని కడిగేయబోవడమే పెద్ద తప్పని నాకు అప్పుడు తెలిసింది. తర్వాత పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా మొదట ఆ ప్లేటే చూపించేవాణ్ని. కవరు మీది రాత చదివి నవ్వేవాళ్లు. నవ్వనిచ్చి, భూతద్దం చేతికిచ్చేవాణ్ని.